బోణీ బంధు

సూర్యాపేట
కార్తీకం, సోమవారం

అక్కా,

నమస్కారం. ఈ రోజుల్లో ఉత్తరమేమిట్రా అని నవ్వకు. నేను ఫోన్ చేసినప్పుడల్లా బావ స్పీకర్ పెడుతున్నాడు. మొన్న నీకు నా బాధ చెప్పుకుంటుంటే వెనక నుంచి మీ మిల్లు హమాలీ ఎవరో "అయ్యో పాపం" అన్నాడు. అందుకని ఇక మన మాటలు కాగితం మీదే. మీ లారీ డ్రైవర్ గౌరయ్య ఎటూ మన దుకాణం ముందు చాయ్‌కి ఆగుతాడు, అతని చేతికిస్తాను.

అసలు సంగతి చెబుతా. ఇన్నాళ్ళూ మనం వ్యాపారం తప్పుగా చేశాం. నాన్న కూడా తప్పే చేశాడు. స్టీలు సామాను తెచ్చి అమ్ముకోవడం వ్యాపారం కాదట. పక్కవాడి వ్యాపారం మనం పెంచితే మనది దానంతట అదే పెరుగుతుందట. ఈ జ్ఞానం నాకు కోదాడలో దొరికింది. అక్కడ 'పరస్పర వర్తక వికాస మండలి' అని పెట్టారు. బుధవారం తెల్లారేసరికి ఒక హోటల్లో కలుస్తాం. అందరికీ కోట్లు ఉన్నాయి, నేనూ కుట్టించాను. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే సుధీర్ గారు అధ్యక్షుడు. ఆయన లేచి, "ముందు మీరు ఇవ్వండి సార్, వచ్చేది ఆగమన్నా ఆగదు" అంటారు. మేం చప్పట్లు కొడతాం. తర్వాత ఇడ్లీ పెడతారు.

నేనేం ఇవ్వగలనా అని చాలా ఆలోచించాను. దేవుడు నా చేతిలోనే పెట్టాడక్కా! ఒక సభ్యుడు హెల్మెట్ల దుకాణం తెరిస్తే మొహమాటానికి వెళ్ళి బోణీ చేశాను. సాయంత్రానికి అతని దగ్గర ఒక్క హెల్మెట్ మిగల్లేదు. అప్పటి నుంచి నా చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. కొత్త దుకాణం ఎవరు తెరిచినా నాకే కబురు.

మన దుకాణం సంగతంటావా, ఉంది. నీ మరదలు మాధవి మాత్రం ఒక మాట తేల్చేసింది. వైశాఖం పెళ్ళిళ్ళ దాకా చూస్తుందట. అప్పటికీ గిరాకీ లేకపోతే దుకాణం ఆ ఫోన్ల షోరూం వాళ్ళకి కిరాయికిచ్చేయాలట, నేను మీ మిల్లులో గుమస్తాగా చేరాలట. బావతో మాట్లాడేసింది, బావ సరే అన్నాడట కూడా. నాన్న కట్టిన దుకాణం అక్కా! అది వదిలేసి బావ ముందు నిలబడి బస్తాలు రాసుకోవాలా? నా ప్రాణం పోయినా చెయ్యను. అందుకే ఇంత పట్టుగా ఇస్తున్నాను.

నీ తమ్ముడు
విష్ణువర్ధన్


మిర్యాలగూడ
ఆ మరుసటి వారం

తమ్ముడు విష్ణుకి,

దీవెనలు ముందు రాస్తున్నాను, తిట్లు కింద ఉన్నాయి.

హెల్మెట్లన్నీ అమ్ముడుపోయిన రోజే మీ ఊళ్ళో పోలీసులు హెల్మెట్ లేని వాళ్ళని ఆపడం మొదలుపెట్టారని గౌరయ్య చెప్పాడు. అతను కూడా అదే రోజు కొన్నాడు. అయినా సరే, నీ చెయ్యి మంచిదే అనుకుందాం. నాకు తెలియక అడుగుతాను, పొద్దున్నే నువ్వు ఊరందరి దుకాణాల్లో బోణీ చేస్తుంటే మన దుకాణంలో ఎవడు చేస్తున్నాడురా? ఆ కోట్ల వాళ్ళలో ఒక్కడైనా మన దగ్గర ఒక గరిటె కొన్నాడా?

గుమస్తా మాట నిజమే. పాత ఆయన మానేశాడు. బావ ఎవరినీ నమ్మడు, నువ్వైతే బంధువు, ఎక్కడికీ పారిపోవని ఆశ పడుతున్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు.

మన ఎదురుగా ఆ మూతబడ్డ షట్టర్ ఇంకా ఖాళీగానే ఉందా? ఊరికే అడుగుతున్నా.

అక్క
లీలావతి


కోదాడ
మార్గశిరం

అక్కా,

ఇది బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. పొద్దున టైల్స్ షోరూంకి బోణీ చేశాను. బోణీ అంటే ఏదో ఒకటి కొనాలి కదా, ఒక టైలు కొన్నాను. ఒళ్ళో పెట్టుకున్నాను. దాని మీదే కాగితం పెట్టి రాస్తున్నాను, బాగానే ఉంది.

ఇంట్లో ఇప్పుడు మూడు హెల్మెట్లు, ఒక చేపల తొట్టి, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు, పంక్చర్ సామాను, దగ్గు మందు ఉన్నాయి. నిన్న చికెన్ సెంటర్‌కి కూడా పిలిచారు. మనం ముట్టం కదా, అయినా మండలి మాట కాదనలేక ఒక కిలో కొని అక్కడే ఆటో అతనికి ఇచ్చేశాను. మాధవి గడప బయటే ఆపి రెండు బకెట్ల నీళ్ళు నా నెత్తిన కుమ్మరించింది. తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

నాకు బిరుదు ఇచ్చారు, 'బోణీ బంధు' అని. హైవే పక్కన ఫ్లెక్సీ కట్టారు. కోటులో ఉన్నాను. గౌరయ్యని అడుగు, చూసే ఉంటాడు.

నువ్వడిగింది నేనూ సుధీర్ గారిని అడిగాను. "సార్, నేను నలుగురికీ ఇస్తున్నాను, మా దుకాణానికి మాత్రం ఎవరూ రావట్లేదు" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "మీరు ఇంకా మనస్ఫూర్తిగా ఇవ్వట్లేదండీ, అక్కడుంది లోపం" అన్నారు. ఆలోచిస్తే నిజమేననిపించింది. ఆయన కూతురి పెళ్ళి మాఘంలో ఉంది, సామాను మన దగ్గరే కొంటారని నా నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆయన దగ్గర ఒక ఇన్వర్టర్ తీసుకున్నాను.

ఎదురు షట్టర్ ఖాళీగానే ఉంది. అది మన అదృష్టం. బజారు మొత్తానికి స్టీలు దుకాణం మనదొక్కటే.

విష్ణు


మిర్యాలగూడ
పుష్యం

విష్ణూ,

మాధవి ఫోన్ చేసి ఏడ్చింది. ఫ్లెక్సీలో నువ్వు నవ్వుతున్నావట, కింద కుక్క పడుకుని ఉందట. దారిన పోయేవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారట. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. బంగారం లాంటి పిల్ల, నువ్వు ఎప్పుడు బుద్ధి తెచ్చుకుంటావా అని కాచుకుని కూచుంది.

ఒక్కటే దుకాణం ఉండటం అదృష్టమని ఎవరు చెప్పారు నీకు?

లీలావతి


సూర్యాపేట
మాఘం, శుక్రవారం

అక్కా,

కొంప మునిగింది. ఎదురు షట్టర్ తెరుస్తున్నారు. ఏం పెడుతున్నారో తెలుసా? స్టీలు సామాన్లు!

పెట్టేది ఎవరనుకున్నావు, కాటమ్మ! తిరుమలగిరి మనిషి, మన దగ్గర గిన్నెలు కొనుక్కుని ఊళ్ళమ్మట తిరిగి పాత ఇత్తడికీ పాత బట్టలకీ మార్చుకునే కాటమ్మ. వాళ్ళాయన పర్వతాలుకి గొర్రెల మంద ఉంది, అందులో సగం అమ్మి ఈమె చేతిలో పెట్టాడట. నిన్న దర్జాగా మన మెట్లెక్కి వచ్చింది.

"సేటూ, నీ చెయ్యి మంచిదంట గద, పేటంత అంటున్రు. ఆదివారం నా దుకాణం తెరుస్తున్న. నువ్వే బోణీ జెయ్యాలె" అంది.

"నా ఎదురుంగనే పెడ్తవా కాటమ్మా?" అన్నాను.

"ఎదురుంగ గాకపోతె యాడ పెట్టాలె సేటూ? నువ్వున్నవనే గద ధైర్నం" అంది. ఏం పొగరో చూడు!

బోణీ బంధు అని ఫ్లెక్సీ కట్టించుకున్నవాణ్ణి, రానంటే పరువు పోతుంది. వెళితే దుకాణం పోతుంది. మాధవి లోపలి నుంచి అంతా విని, "మిర్యాలగూడకు బట్టలు సర్దాల్నా?" అంది. ఇన్నాళ్ళకి మాట్లాడింది, అదీ ఈ మాట.

అక్కా, నాకొక ఆలోచన వచ్చింది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఆదివారం వెళతాను. ఏదో ఒక సామాను తీయించి, గట్టిగా బేరమాడి, కొనకుండా మెట్లు దిగి వచ్చేస్తాను. దుకాణం తెరిచిన రోజు మొదటి మనిషి వట్టి చేతులతో దిగిపోతే ఏమవుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు, కాటమ్మకి ఇంకా బాగా తెలుసు. వేరే దారి లేదు. నన్ను తిట్టకు.

విష్ణు


మిర్యాలగూడ
శనివారం

విష్ణూ, ఆ పాడు పని చెయ్యకు. నా మీద ఒట్టు. గౌరయ్యకి బియ్యం లోడ్ లేకపోయినా పంపిస్తున్నాను, బావ అరుస్తున్నాడు, అరవనీ. ఫోన్ ఎత్తవేంరా? వెళ్ళు, కొను, నోరు మూసుకుని ఇంటికి రా.

అక్క


సూర్యాపేట
మాఘం చివర

అక్కా,

నీ చీటీ నాకు అందేసరికి అంతా అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను వెళ్ళేసరికి మండలి వాళ్ళు కోట్లలో దిగి ఉన్నారు. నేను పిలవలేదు. సుధీర్ గారు ఫోటో తీసే మనిషిని కూడా తెచ్చుకున్నారు. "పోటీదారుకే బోణీ చేస్తున్న మహానుభావుడు! ఇదండీ ఇవ్వడమంటే" అని మైకు లేకుండానే అరుస్తున్నారు. పర్వతాలు గొంగడి భుజాన వేసుకుని మూల నిలబడ్డాడు. ఆ మనిషికి గొర్రెలు లేకుండా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

అన్నిటికంటే పెద్ద బిందె తీయించాను. ధర చెప్పింది. సగానికి అడిగాను.

"తీస్కో సేటూ" అంది.

అందులో సగం అన్నాను. ఎవరైనా చీదరించుకుని పొమ్మంటారు కదా, అంటే దిగిపోదామని నా ఎత్తు.

"తీస్కో సేటూ" అంది మళ్ళీ.

"ఉత్తగనే ఇస్తవా ఏంది?" అన్నాను.

"ఉత్తగిస్తె బోణీ గాదు గద. ఒక్క రూపాయన్న పెట్టు. నీ చెయ్యి వడాలె, గంతే" అని కొంగు పట్టింది. ఊళ్ళమ్మట తిరుగుతూ ఎవరితోనైనా గట్టిగా బేరమాడే మనిషి, నా ముందు కొంగు పట్టుకుని నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో కోపంతో వచ్చిందో తెలియదు. మొదట చెప్పిన ధర మొత్తం ఆ కొంగులో పెట్టేశాను. సుధీర్ గారు చప్పట్లు కొట్టారు, ఆయన్ని ఆ బిందెతో కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి చూస్తే బిందె అడుగున మన దుకాణం పేరు కొట్టి ఉంది. మన దగ్గర కొన్నదే, మన ధరకంటే ఎక్కువకి నాకే అమ్మింది. మాధవి చూసి ఎంత నవ్విందంటే, పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టు నవ్వింది. నవ్వి నవ్వి అన్నం పెట్టింది.

సుధీర్ గారి కూతురి పెళ్ళి అయిపోయింది. సామానంతా హైదరాబాదులో కొన్నారు. శుభలేఖ మాత్రం మనస్ఫూర్తిగా ఇచ్చారు.

విష్ణు


సూర్యాపేట
ఫాల్గుణం

అక్కా,

ఇక్కడ ఒక వింత జరుగుతోంది. కాటమ్మ పాత గిన్నెలు తీసుకుని కొత్తవి ఇస్తోంది కదా, గరిడేపల్లి వైపు నుంచి ఆడవాళ్ళు ఆటోలు కట్టించుకుని వస్తున్నారు. మొదటివారం నాకు కడుపు మండిపోయింది. రెండోవారం నుంచి వాళ్ళు ఇటు కూడా రావడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకి పెద్ద గుండిగలు, గంగాళాలు అడిగితే కాటమ్మ అక్కడి నుంచే కేక వేస్తోంది: "గంత పెద్దయి నా తాన లెవ్వు, ఎదురుంగ సేటు కాడికి వోర్రి!"

ఇందులో ఏదో మోసం ఉందని వెళ్ళి అడిగాను. "నాకెందుకు పంపుతున్నవ్ కాటమ్మా?"

"పుణ్యం కోసం గాదు సేటూ. నా తాన లేదంటె కోదాడకు పోతరు. ఒక్కపాలి కోదాడ మరిగినోళ్ళు మల్ల ఇటు రారు. నీ తాన ఉన్నదంటె ఈడనే ఆగుతరు, పొయ్యేటప్పుడు నా తాన రెండు గిన్నెలు పట్కపోతరు" అంది. ఆ తర్వాత ఒక మాట జారింది.

"మీ అక్క ముందుగాలనే చెప్పింది గద గిట్లయితదని. ఆమె చెప్పకపోతె నేనీడికెందుకొస్త?"

మా అక్క!

నేను అడిగేది ఒక్కటే. కాటమ్మని నా గుండెల మీద కూచోబెట్టింది నువ్వేనా?

విష్ణువర్ధన్


మిర్యాలగూడ
ఉగాది ముందు

విష్ణూ,

నేనే.

ఆమె మా వీధికి వస్తుంటుంది. కాళ్ళు అరిగిపోయాయి, ఒకచోట కూర్చుని అమ్ముకుంటానంది. ఎక్కడ పెట్టాలని అడిగితే, సూర్యాపేటలో మా తమ్ముడికి ఎదురుగా షట్టర్ ఉందని నేనే చెప్పాను. ఆ షట్టర్ యజమానితో మాట్లాడింది కూడా నేనే. నీకు చెప్పకుండా చేశాను. చెబితే ఒప్పుకునేవాడివి కాదు.

నాన్న ఉన్నప్పుడు మన బజారులో మూడు స్టీలు దుకాణాలు. పెళ్ళి సామాను అంటే నలుమూలల జనం మన బజారుకే దిగేవాళ్ళు. ఇక్కడ నచ్చకపోతే అక్కడ, అక్కడ నచ్చకపోతే ఇక్కడ. నాన్న వాళ్ళని పొద్దస్తమానం తిడుతూ, తన దగ్గర లేని సైజు వాళ్ళ దగ్గర నుంచి తెప్పించి ఇచ్చేవాడు. మొదటి దుకాణం మూతబడితే నువ్వు సంతోషించావు. రెండోది మూతబడ్డ రోజు స్వీట్లు తెచ్చావు. ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. ఎందుకని నువ్వు అడగలేదు, నేను అడిగాను. "ఇగ ఒక్క దుకాణం కోసం ఈ బజారుకు ఎవరొస్తరు బిడ్డా?" అన్నాడు.

ఈ మాట నేను నీకు ఎన్నిసార్లు చెప్పబోయానో. "నీకేం తెలుసక్కా, నువ్వు ఇంట్లో ఉండేదానివి" అంటావు. అదే మాట ఒకాయన కోటు వేసుకుని చెబితే తెల్లవారుజామున లేచి వెళ్ళి చప్పట్లు కొట్టావు. పైగా ఆయన చెప్పింది కూడా చెయ్యలేదు. చేపల తొట్టి కొంటే పక్కవాడి వ్యాపారం పెరుగుతుందట్రా? ఇవ్వడమంటే నీ గిరాకీ ఒకటి వాడికి పంపడం. అది కడుపు మండే పని. అందుకే ఎవరూ చెయ్యరు, శాలువాలు కప్పుకుంటారు.

నాకు భయం లేదనుకోకు. ఆమె నిన్ను ముంచేస్తే నా పుట్టింటి దుకాణం నేనే పోగొట్టినదాన్ని అవుతాను. మాఘమంతా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడు తిట్టుకో, నీ ఇష్టం.

అక్క


సూర్యాపేట
వైశాఖం

అక్కా,

ఇన్ని రోజులు రాయనిది కోపంతో కాదు. కోపం నాలుగు రోజులే ఉంది. తర్వాత గిరాకీ తగులుకుంది. లగ్గాలు కదా, మధ్యాహ్నం అన్నానికి కూడా వంతులవారీగా వెళుతున్నాం. మాధవి గల్లా దగ్గర, నేను నిచ్చెన మీద.

ఫోన్ల షోరూం వాళ్ళు అడ్వాన్సు పట్టుకుని వచ్చారు. నేను నోరు తెరిచేలోపు మాధవే, "ఈ బజారు సామాన్లది అన్నా, ఫోన్లకు వేరే బజారు సూసుకోండ్రి" అని పంపేసింది. నేను గోదాములోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఇత్తడికి కళాయి వేసే చాందీ అనే మనిషి చోటు లేక తిరుగుతుంటే, మూల మీద షట్టర్ నేనే మాట్లాడి ఇప్పించాను. కళాయికని బిందె తెచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక మన దగ్గరో కాటమ్మ దగ్గరో ఏదో ఒకటి కొంటున్నారు. కాటమ్మా నేనూ రోజూ పోట్లాడుకుంటున్నాం. నా బోర్డుకి అడ్డంగా బకెట్లు వేలాడదీస్తుంది. నిన్న మొత్తం తీసి లోపల విసిరేశాను. అయినా చిన్న గిన్నెలు అడిగితే ఆమె దగ్గరికే పంపుతున్నాను. పంపినప్పుడల్లా కడుపులో కాస్త మండుతుంది, నువ్వన్నది నిజమే.

మండలి మానేశాను. కోటు మాధవి మిషన్ కుట్టే అమ్మాయికిచ్చి రెండు సంచులు చేయించింది, బాగున్నాయి.

బావతో నా మాటగా చెప్పు, గుమస్తాగా రాలేను. కోప్పడతాడేమో, నువ్వే నచ్చజెప్పు. నాన్న మాట నువ్వు గుర్తు పెట్టుకున్నావు, దుకాణం మాత్రం ఆయన నా పేరు మీద రాశాడు. ఈ మధ్య గల్లా తెరిచినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది. నాకు చాలా సిగ్గుగా ఉంది అక్కా.

నీ తమ్ముడు


మిర్యాలగూడ
యాసంగి వడ్ల మధ్య నుంచి

తమ్ముడూ,

సిగ్గుపడ్డది చాలు, పని చూసుకో.

నువ్వు రావని చెబితే బావ పెద్ద గొడవ చేశాడు. "మీ తమ్ముడు రాడంట, యాసంగి వడ్లొచ్చి మీద పడ్డయి, ఇప్పుడు నమ్మకమైన మనిషిని యాడికెల్లి తేవాలె?" అన్నాడు. నేను కూర్చుంటానన్నాను. పడీ పడీ నవ్వాడు. "మిల్లుల ఆడమనిషా? నలుగురేమంటరు?" అన్నాడు. ఏళ్ళ తరబడి అన్నం తింటూ ఆయన అడిగిన లెక్కలన్నీ నోటితో చెప్పింది ఎవరో ఆ నలుగురికీ తెలియదు కదా.

మర్నాడు ఆయన ఏదో పంచాయితీకి వెళితే నేను తాళాలు తీసుకుని వెళ్ళి కూర్చున్నాను. గేటు బయట ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి, రైతులు ఎండలో మలమల మాడిపోతున్నారు. లోపల వడ్లు పొయ్యడానికి చోటు లేదు. సాయంత్రం దాకా ఆపి ఏం లాభం? పక్క మిల్లులో చోటుందేమో కనుక్కుని సగం ట్రాక్టర్లు అటు పంపాను. బావ వచ్చి, "మన గిరాకీని తీస్కపోయి వాళ్ళకిస్తవా, నీకేమన్న పిచ్చి లేసిందా?" అని మిల్లంతా వినబడేట్టు అరిచాడు. ఈసారి స్పీకర్ కూడా అవసరం పడలేదు. నేను ఏడవలేదు, లేవలేదు. వారం తిరక్కుండా పక్క మిల్లులో మోటారు కాలిపోయింది, వాళ్ళ ట్రాక్టర్లన్నీ మన గేటుకి పంపారు. ఆ రోజు ఎండలో ఆపలేదని రైతులు కూడా ఇటే మొగ్గుతున్నారు.

ఇప్పుడు బావ ఆ ఆలోచన తనదేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఎవరి ద్వారా తెలిసిందో, మీ సుధీర్ కోదాడ నుంచి ఫోన్ చేశాడు. బుధవారం మండలిలో మీ అనుభవం చెప్పండి సార్ అన్నాడట. బావ కోటు కుట్టించుకున్నాడు. 'ముందు ఇవ్వు' అని అద్దం ముందు చేతులూపుతూ రెండు రోజులు సాధన చేశాడు. నన్ను కూడా అడిగాడు, ఎట్లుంది అని. బాగుందన్నాను.

ఇవాళ బుధవారం. తెల్లవారుజామునే కోదాడ వెళ్ళాడు. ఇది గుమస్తా కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. సాయంత్రం వస్తాడు, శాలువాతో వస్తాడు, ఇగ ఇంట్లోకి పో అంటాడు.

నేను లేవను.

లీలావతి